వేపథువు: భావకంపమూ రోగకంపమూ

కురుక్షేత్రంలో ఉభయసేనల నడుమ నిలిచిన అర్జునుడు తన దేహంలో పుట్టిన వికారాలను శ్రీకృష్ణునకు ఒక్కొక్కటిగా నివేదిస్తాడు. అవయవాలు సడలుతున్నాయి, నోరెండుతున్నది, గాండీవం జారుతున్నది, చర్మం మండుతున్నది. ఆ వరుసలో శరీరకంపాన్ని చెప్పడానికి వ్యాసుడు ప్రయోగించిన శబ్దం వేపథువు. కంపనార్థకమైన వేపృ ధాతువునకు అథుచ్ ప్రత్యయం చేరగా ఏర్పడిన రూపమిది. వాపునకు శ్వయథువనే పేరు వచ్చినదీ ఈ మార్గంలోనే. గీతాపాఠకులకు ఈ శబ్దం ప్రథమాధ్యాయంలోనే పరిచయమవుతుంది. ఇదే శబ్దం మరి రెండు శాస్త్రాలలో పారిభాషికమై నిలిచిందన్న సంగతికి అంత ప్రచారం లేదు. భరతుని నాట్యశాస్త్రంలో వేపథువు అష్టసాత్త్వికభావాలలో ఒకటి. చరకసంహిత సూత్రస్థానంలో అది ఎనభై వాతవికారాలలో ఒకటి.

యోధుని భయానికీ, భక్తుని పారవశ్యానికీ, రోగి చేతివణుకుకూ ఒకే పదం చెల్లింది. పూర్వులు ఆ పదాన్ని పంచుకొన్నారే తప్ప ఆ మూడు స్థితులనూ ఒకటిగా ఎంచలేదు. కాలక్రమంలో లోకమే వాటిని కలిపివేసింది. ఇంటిలో పెద్దవారి చేయి వణికితే వార్ధక్యమని సరిపెట్టుకొనడం, యువకుని దేహం వణికితే గాలి సోకిందని తాయెత్తు కట్టించడం, ఆ మధ్యకాలంలో వైద్యం ఫలించే సమయం కాస్తా దాటిపోవడం తెలుగునాట అనేక గృహాలలో జరుగుతున్నదే. అందుచేత ఈ విభాగం ఎక్కడెక్కడ ఎలా జరిగిందో చూడడం అవసరం. ఆ చరిత్రలో ఓరుగల్లునకు అనుకోని స్థానం ఉంది.

వేదాంతంలోనూ కంపనమునకు ఒక అధికరణం ఉన్నదని జిజ్ఞాసువులకు తెలుసు. ఈ సమస్త జగత్తూ ప్రాణమందు కదులుచున్నదని కఠోపనిషత్తు చెప్పిన చోట, ఆ ప్రాణశబ్దానికి వాయువని అర్థమా, పరబ్రహ్మమని అర్థమా అన్న సందేహాన్ని బ్రహ్మసూత్రాలలోని కంపనాధికరణం తీరుస్తుంది. అక్కడి ప్రాణం బ్రహ్మమేనని శంకరభగవత్పాదుల నిర్ణయం. విశ్వాన్ని కదిలించే ఆ శక్తిని గురించిన విచారం వేరు, వ్యాధి వలన వణికే చేతిని గురించిన విచారం వేరు. రెండవదాన్ని ఆచార్యులు వైద్యులకే విడిచిపెట్టారు.

నాట్యశాస్త్రం వేపథువునకు చెప్పిన హేతువులను గమనిస్తే భరతుని దృష్టి ఎంత నిశితమో తెలుస్తుంది. శీతం, భయం, హర్షం, రోషం, స్పర్శ, జర: ఈ ఆరింటి వలన కంపం పుడుతుందని ఆయన పరిగణన. మొదటి అయిదూ వచ్చిపోయే హేతువులు. చలి తగ్గితే వణుకు తగ్గుతుంది, కోపం చల్లారితే పెదవుల అదురు ఆగుతుంది. ఆరవదైన జర వచ్చిపోయేది కాదు. రంగస్థలం మీద వృద్ధపాత్రను ధరించే నటుని కోసం చెప్పిన మాటయినా, నిలిచియుండే కంపం ఒకటి ఉన్నదని భరతుడు గుర్తించిన చోటు అదే.

కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయపసేనాని క్రీ.శ. 1254 ప్రాంతంలో నృత్తరత్నావళిని రచించాడు. మొదటి నాలుగు అధ్యాయాలను మార్గపద్ధతికీ, తక్కిన నాలుగింటిని దేశిపద్ధతికీ కేటాయించిన గ్రంథమది. భరతుని సంప్రదాయంలో శిరస్సునకు చెప్పిన కదలికలలో ఆకంపితం, కంపితం, ధుతం, విధుతం వంటివి ఉన్నాయి. శీతార్తునకు, భయగ్రస్తునకు, జ్వరపీడితునకు విధుతశిరస్సు వినియోగం. నర్తకి వీటిని ఇచ్ఛతో ఆరంభిస్తుంది, ఇచ్ఛతో ఆపుతుంది. ఇది ఇచ్ఛాకంపం. కురుక్షేత్రంలో అర్జునుని కంపం ఇచ్ఛచే పుట్టలేదు, మనోభావంచే పుట్టింది, భావం మారగానే శమించింది. గీతాంతంలో సందేహరహితుడై నిలిచిన పార్థుని చేయి వణకలేదు. ఇది భావకంపం. ఇచ్ఛకూ లొంగక, భావం మారినా శమించక నిలిచేది దోషకంపం. వైద్యశాస్త్రం పని ఈ మూడవదానితోనే.

పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదైన మేడారంలో రెండేండ్లకొకసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మల జాతరలో శివసత్తుల పూనకాన్ని లక్షలాది జనం చూస్తారు. డప్పుల మోతతో ఆరంభమై, తల్లికి మొక్కు చెల్లిన పిదప ఆ కంపం దిగిపోతుంది; పూనిన వ్యక్తి మరునాడు పొలం పనికి పోతుంది. శాస్త్రదృష్టిలో దీన్ని భావకంపంగానే పరిగణించాలి. ఆధునిక మనోవైద్యం కూడా ఒక సమాజపు ఆచారంలో భాగంగా వచ్చి, దినచర్యకు భంగం కలిగించని ఆవేశస్థితిని రోగంగా లెక్కించదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, డప్పు లేకుండా, జాతర లేకుండా, అన్నం కలిపే వేళా నిద్రకు ఒరిగే వేళా దేహం అదే పనిగా వణికినప్పుడు. దానిని పూనకమనడం పూనకానికీ అవమానమే.

చరకుడు వేపథువును వాతవికారాలలో చేర్చగా, మాధవకరుడు తన నిదానగ్రంథంలో సర్వాంగాలకు గానీ శిరస్సునకు గానీ కలిగే కంపంగా దానిని నిర్వచించాడు. కదలికలన్నింటికీ వ్యానవాయువు కారకమని ఆయుర్వేదసిద్ధాంతం గనుక, వ్యానం చెడితే చేష్ట చెడుతుందని అన్వయం. ఈ నిర్వచనాలు సంక్షిప్తమైనవి. వణుకుతో పాటు రోగిలో ఇంకేమి మారుతుందో అవి చెప్పవు. ఆ లోటును పూరించినది ఒక తెలుగు వైద్యుడు.

ఆయన బసవరాజు. కొట్టూరు వాసి, నమశ్శివాయుని కుమారుడు, శివభక్తుడు. ఆయన కాలాన్ని గూర్చి పండితులు భిన్నాభిప్రాయులు. పన్నెండవ శతాబ్ది మొదలు పదహారవ శతాబ్దికి పైదాకా వేర్వేరు కాలాలు సూచించారు. శ్లోకాలు సంస్కృతంలోనూ, తాత్పర్యం తెలుగులోనూ ఉండే ఆయన గ్రంథం బసవరాజీయం ఇరువదియైదు ప్రకరణాలతో ఆంధ్రదేశపు వైద్యులకు నిత్యోపయోగి అయింది. తరువాతి కాలంలో దేవనాగరిలో ముద్రితమై ఉత్తరాదికీ చేరింది. అందులో వాతరోగాలను చెప్పే చోట కంపవాతమని ఒక వ్యాధిని వేరుగా పేర్కొని, దానికి బసవరాజు నాలుగు లక్షణాలు చెప్పాడు. చేతులూ పాదాలూ వణకడం, దేహం తూలి బాధపడడం, నిద్ర చెడడం, బుద్ధి క్షీణించడం.

ఈ నాలుగింటినీ కలిపి చూడడంలోనే ఆయన ప్రతిభ ఉంది. వణుకు కంటికి కనిపిస్తుంది. నిద్రాభంగం రోగి చెప్పుకొంటేనో, ఇంటివారు చెబితేనో తెలుస్తుంది. బుద్ధిక్షయం ఏండ్ల తరబడి ఒకే రోగిని చూసిన వైద్యునికే తెలుస్తుంది. క్రీ.శ. 1817లో లండనులో జేమ్స్ పార్కిన్సన్ కంపపక్షవాతంపై తన ప్రసిద్ధవ్యాసాన్ని ఆరుగురు రోగుల ఆధారంగా ప్రకటించినప్పుడు, ఇంద్రియాలూ బుద్ధీ చెడకుండా ఉంటాయని నిర్వచనంలోనే చేర్చాడు. అనంతరకాలపు వైద్యం ఆ మాటను సవరించుకొన్నది. ఈ రోగం ముదిరిన వారిలో చాలామందికి జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి మందగిస్తాయని నేడు అందరూ అంగీకరిస్తారు. ఆ ఒక్క అంశంలో బసవరాజు శ్లోకమే సత్యానికి దగ్గరగా ఉంది.

అంతమాత్రాన బసవరాజు పార్కిన్సన్ వ్యాధిని ముందే కనిపెట్టాడని ఘోషించడం ఉచితం కాదు. అటువంటి ఘోషలు శాస్త్రానికీ, శాస్త్రకారునికీ న్యాయం చేయవు. కంపవాతం విస్తృతమైన సంజ్ఞ. నేటి వైద్యం అనేక వ్యాధులుగా విడదీసిన స్థితులు దానిలో ఇమిడి ఉండవచ్చు. కదలిక మందగించడాన్ని, కండరాలు బిగుసుకొనడాన్ని ఆ శ్లోకం స్పష్టంగా విడిచి చెప్పలేదు. ఆ మాట ఒప్పుకొన్నంత మాత్రాన ఆయన పరిశీలనకు కలిగే లోపమూ లేదు.

అటువంటి పరిశీలన సాధ్యం కావడానికి రోగులు ఒకచోట చేరే వ్యవస్థ కావాలి. కాకతీయసామ్రాజ్యంలో దానికి శాసనసాక్ష్యం ఉంది. గణపతిదేవునికి శివదీక్షనొసగిన గోళకీమఠాచార్యుడు విశ్వేశ్వరశంభువు, రుద్రమదేవి కాలపు 1261 నాటి మల్కాపురం శాసనం ప్రకారం, కృష్ణాతీరంలోని తన అగ్రహారపు ఆదాయంలో కొంతభాగాన్ని ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ నియోగించాడు. దేవాలయం, మఠం, విద్యాలయం, అన్నసత్రం ఉన్న ప్రాంగణంలోనే వైద్యునికి కూడా వృత్తి ఏర్పడింది. ఓరుగల్లు పాలకుల గురువు వైద్యాన్ని దైవసేవకు ప్రత్యర్థిగా చూడలేదన్నది ఇక్కడ గమనించదగినది. చరకుడు చికిత్సను మూడు విధాలుగా చెప్పాడు: మంత్ర, హోమ, ఉపవాసాదులతో కూడిన దైవవ్యపాశ్రయం, ఆహారౌషధాలతో కూడిన యుక్తివ్యపాశ్రయం, మనస్సును అహితం నుండి మరల్చే సత్త్వావజయం. మొదటిది చేసినవాడు రెండవది మానవలెనని ఆయన ఎక్కడా అనలేదు.

ఇక నేటి వైద్యశాస్త్రం దోషకంపాన్ని ఎలా విడదీస్తుందో చూడాలి. మొదట అడిగే ప్రశ్న సులువైనది. చేయి ఊరక ఉన్నప్పుడు వణుకుతున్నదా, పనిచేసేటప్పుడు వణుకుతున్నదా? తీర్థం పుచ్చుకొనడానికి చేయి చాచినప్పుడు, ఉద్ధరిణి పట్టినప్పుడు, హారతిపళ్లెం ఎత్తినప్పుడు వణుకు హెచ్చి, ఒడిలో చేయి పెట్టుకొని కూర్చుంటే తగ్గేది ఒక జాతి. ఇది చాలాచోట్ల వంశపారంపర్యంగా వస్తుంది. తండ్రికో మేనత్తకో ఉండినట్లు ఇంటివారు గుర్తు చేసుకొంటారు. ఇది రెండు చేతులకూ వస్తుంది, కొందరిలో తలకూ కంఠస్వరానికీ పాకుతుంది. ప్రాణాంతకం కాదు. హృద్రోగానికి వాడే ప్రొప్రనలాల్ వంటి మందుతో అనేకులకు ఉపశమనం కలుగుతుంది.

రెండవ జాతి దీనికి విపరీతం. చేయి ఒడిలో విశ్రాంతిగా ఉన్నప్పుడే బొటనవ్రేలూ చూపుడువ్రేలూ ఒకదానిపై ఒకటి దొర్లుతూ ఉంటాయి. జపమాల లేకుండానే పూసలు త్రిప్పుతున్నట్లు కనిపిస్తుంది. చూసినవారు భ్రమపడి నమస్కరించినా ఆశ్చర్యం లేదు. చేయి చాచి ఏదైనా అందుకోబోతే ఆ కదలిక తగ్గుతుంది, గాఢనిద్రలో మాయమవుతుంది. సాధారణంగా దేహంలో ఒక పక్కనే మొదలవుతుంది. ఇది పార్కిన్సన్ వ్యాధి లక్షణం. వణుకు కంటే ముందే వచ్చే సంకేతాలు దీనికి కొన్ని ఉన్నాయి, అవి దేవతార్చన చేసే గృహాలలో ఎవరైనా గుర్తించగలిగినవి. కర్పూరం, అగరుధూపం వాసన తెలియకపోవడం, మలబద్ధం, నిద్రలో కలవరించి కాళ్లూచేతులూ విసరడం, స్తోత్రపాఠంలో కంఠం నానాటికి సన్నగిల్లడం. రామకోటి వ్రాసే పెద్దల పుస్తకం తిరగేస్తే మరొకటి తెలుస్తుంది: పంక్తి మొదట సరిగా ఉన్న అక్షరం చివరకు చేరేసరికి చిన్నదై కుదించుకొనిపోతుంది. మొదటి జాతి కంపంలో అక్షరం పెద్దదిగానే ఉంటుంది, గీతలు మాత్రం వంకరలు పోతాయి. రెండు పుస్తకాలను పక్కపక్కన పెడితే వైద్యుడు సగం నిర్ణయం అక్కడే చేయగలడు.

ఇవి రెండే కాదు. గళగ్రంథి అయిన థైరాయిడ్ అతిగా పనిచేస్తే వ్రేళ్లు సన్నగా, వేగంగా వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, తిన్నా బరువు తగ్గుతుంది. మధుమేహానికి మందు వాడేవారిలో రక్తంలో చక్కెర పడిపోతే చెమటతో కూడిన వణుకు వస్తుంది. ఏకాదశీ ఉపవాసాలు చేసే మధుమేహులు దీన్ని భక్తిపారవశ్యమని భ్రమించడం ప్రమాదకరం. ఉబ్బసపు మందు సాల్బుటమాల్, మూర్ఛకు వాడే వాల్ప్రోయేట్ చేతులను వణికిస్తాయి. తలతిరుగుడుకు వృద్ధులు నెలల తరబడి వాడే సిన్నరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ అచ్చంగా పార్కిన్సన్ వ్యాధివంటి స్థితిని కలిగించగలవు. వైద్యుని సలహాతో మందు మార్చితే చాలామందిలో అది క్రమంగా తగ్గుతుంది. యౌవనంలోనే కంపం మొదలైతే రాగిలోహం కాలేయంలోనూ మెదడులోనూ పేరుకొనే విల్సన్ వ్యాధిని తప్పక పరీక్షించాలి, ఏలననగా అది ముందుగా గుర్తిస్తే చికిత్సకు లొంగుతుంది. దయ్యం పట్టిందని మంత్రగాని వద్దకు తీసుకొనిపోయే యువకులలో ఈ వ్యాధి ఉన్నవారూ ఉండవచ్చునన్నది తల్లిదండ్రులు మనస్సున ఉంచుకొనదగినది.

పార్కిన్సన్ వ్యాధికి మూలం మెదడు మధ్యభాగంలోని నల్లని వర్ణంగల ఒక కణసముదాయం. ఆ కణాలు డోపమిన్ అనే ద్రవ్యాన్ని పుట్టించి కదలికలను నియమిస్తాయి. వాటిలో సుమారు సగం నశించేవరకు బాహ్యలక్షణం కనిపించదు. ఈ రహస్యం బయటపడిన తీరులో భారతీయ ఓషధులు రెండు ఎదురెదురుగా నిలబడ్డాయి.

మొదటిది సర్పగంధ. ఉన్మాదానికీ రక్తపోటుకూ ఈ మూలిక పనిచేస్తుందని 1931లో గణనాథసేన్, కార్తికచంద్ర బోస్ అనే వంగవైద్యులు ప్రకటించారు. 1949లో బొంబాయి హృద్రోగవైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటుపై దాని ప్రభావాన్ని విదేశీ పత్రికలో ప్రకటించి ప్రపంచం దృష్టికి తెచ్చాడు. 1952లో స్విట్జర్లండ్ శాస్త్రజ్ఞులు దాని సారమైన రిసర్పీన్‌ను వేరుచేశారు. అది మనోరోగులకు విస్తారంగా వాడుకలోకి రాగా, వారిలో కొందరికి చేతులు వణకడం, దేహం బిగుసుకొనడం మొదలైంది. మందు ఆపితే ఆ స్థితి పోయింది. 1957లో స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పీన్ ఇచ్చి అవి నిశ్చేష్టమైన పిదప ఎల్-డోపా అనే ద్రవ్యాన్ని ఎక్కించగా అవి లేచి కదిలాయి. డోపమిన్ లోపమే కంపానికి మూలమన్న మార్గం అక్కడ తెరచుకొన్నది. ఆయనకు 2000లో నోబెల్ పురస్కారం లభించింది. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ అధికమోతాదు డోపాతో రోగులు తేరుకొన్నారని నిరూపించాడు.

రెండవది ఆయుర్వేదంలో ఆత్మగుప్త, కపికచ్ఛువు అనే పేర్లుగల దూలగొండి. కాయపై నూగు తగిలితే దేహమంతా దురద పెట్టే ఆ తీగను తెలుగు పల్లెలలో ఎరుగనివారు అరుదు. వాతహరమనీ బల్యమనీ ప్రాచీనులు దాని విత్తులను వాడారు. ఆ విత్తులలో ఎల్-డోపా ఉన్నదని 1937లో మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయనశాలలో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి ప్రకటించారు. అప్పటికి ఆ ద్రవ్యం కంపానికి మందని ఎవరికీ తెలియదు. కార్ల్‌సన్ ప్రయోగానికి అది ఇరువది సంవత్సరాల ముందటి మాట. వైద్యుని చేతిలో ఓషధి ఉంది, శాస్త్రజ్ఞుని చేతిలో దాని సారం ఉంది, ఆ రెండింటినీ కలిపే ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు.

2000 సంవత్సరంలో కేరళకు చెందిన పరిశోధకులు పదునెనిమిదిమంది రోగులపై ఆయుర్వేదచికిత్సను పరీక్షించారు. దూలగొండి విత్తులు, ఖురాసానివాము, అశ్వగంధ, బలామూలం ఆవుపాలలో వండి ఇచ్చారు. ముందుగా శోధనచికిత్స పొంది తరువాత ఈ మందు తీసుకొన్నవారిలో వణుకు, బిగువు తగ్గాయి. శోధనం లేక శమనమే పొందినవారిలో అంతటి గుణం కనిపించలేదు. ఒక్కొక్క మోతాదులో సుమారు రెండువందల మిల్లీగ్రాముల ఎల్-డోపా ఉన్నట్లు రసాయనపరీక్షలో తేలింది. ఇది చిన్న పరీక్ష, దీనిపై పెద్ద నిర్ణయాలు కట్టరాదు. పైగా ఎల్-డోపా బలమైన ద్రవ్యం: వాంతులు, రక్తపోటు పడిపోవడం, భ్రాంతులు, అధికమైతే దేహం తనంతట మెలికలు తిరగడం దాని దోషాలు. ఇప్పటికే డోపా మాత్రలు వాడేవారు వైద్యునికి చెప్పకుండా దూలగొండి చూర్ణం కలిపితే మోతాదు రెట్టింపయ్యే ప్రమాదం ఉంది. మూలిక గనుక నిరపాయమన్న భావన ఆయుర్వేదానిది కాదు.

ఓరుగల్లులో కంపానికి మరొక కారణం ఇటీవలి దశాబ్దాలలో ప్రత్తి, మిరప పంటలతో పాటు పెరిగింది. వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలలో 1997 నుండి 2002 వరకు పురుగుమందుల విషప్రభావంతో చేరినవారు 8040 మంది అని 2005లో ప్రకటితమైన అధ్యయనం తెలుపుతుంది. వారిలో నూటికి ఇరువది ఇద్దరికి పైగా మరణించారు. 2002 సంవత్సరపు వివరాలలో మూడింట రెండువంతులు ముప్పదియేండ్లలోపువారు. అప్పులూ దిగుబడి నష్టాలూ కృంగదీసిన నేలలో ఈ సంఖ్యల వెనుక ఉన్నది ప్రధానంగా నిరాశ. ఆ వేదనను ఇక్కడ అంకెలతో చెప్పి ఊరుకొనడం సరిపోదు గానీ, వ్యాసవిషయమైన కంపం ఆ పడకలపై ఎలా ఉండేదో చెప్పవలసి ఉంది.

మోనోక్రోటోఫాస్ వంటి విషాలు నరాలకూ కండరాలకూ నడుమ ఆజ్ఞను చేరవేసే అసిటైల్‌కోలిన్ అనే ద్రవ్యాన్ని విరిచే కిణ్వాన్ని స్తంభింపజేస్తాయి. ఆజ్ఞ ఆగక కండరాలు చర్మం క్రింద పురుగులు ప్రాకినట్లు అదురుతాయి, నోట నురుగు, చెమట, కన్నీరు కారుతాయి, కంటిపాపలు చుక్కలంత అవుతాయి. చివరకు ఊపిరి తీసే కండరాలు అలసిపోతాయి. ఎండోసల్ఫాన్ మరొక దారిలో మెదడును ఉద్రేకింపజేసి మూర్ఛలు తెప్పిస్తుంది. దానిని 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. మందు కొట్టి ఇంటికి వచ్చిన రైతు నురుగులు కక్కుతూ వణికితే దానిని గాలిధూళిగా భావించి గడిపిన ప్రతి నిమిషమూ ప్రాణానికి ముప్పు.

సుశ్రుతసంహిత కల్పస్థానం కందవిషాలను చెబుతూ కాలకూటానికి మూడు లక్షణాలు చెప్పింది: స్పర్శజ్ఞానం పోవడం, వేపథువు, దేహం కొయ్యబారడం. నీలకంఠుడు కంఠాన నిలిపిన విషం పేరును మోసే ఆ కందానికి అర్జునుని కంపానికి చెప్పిన శబ్దాన్నే సుశ్రుతుడు వాడడం చూస్తే, వేపథువును విషలక్షణంగా గుర్తించడం ఎంత ప్రాచీనమో తెలుస్తుంది.

కల్తీ కల్లు మరొక హేతువు. ఈతచెట్ల నీరా చాలని చోట ఆల్‌ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మే దురాచారం తెలంగాణంలో చిరకాలంగా ఉంది. 2015లో ఆ కల్తీపై ఆంక్షలు బిగియగానే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు వణుకుతో, మూర్ఛలతో, మతిచెడిన మాటలతో వందలమంది చేరారు. అలవాటుపడిన మత్తు హఠాత్తుగా నిలిచిపోగా మెదడు రేగిన స్థితి అది. పిచ్చిచేష్టలతో కూడినందువలన దయ్యమని భావించడానికి అనువైన రోగమూ ఇదే. మత్తును మానిపించడం సైతం వైద్యుని పర్యవేక్షణలో క్రమక్రమంగా జరగవలసినది.

ఇటువంటి భ్రాంతిని గూర్చి చరకసంహిత నిదానస్థానంలో ఉన్మాదప్రకరణం చివర కఠినమైన మాట ఉంది. తనంతట క్లేశపడని మనుష్యుని దేవతలు గానీ, గంధర్వులు గానీ, పిశాచాలు గానీ, రాక్షసులు గానీ క్లేశపెట్టరని, స్వీయప్రజ్ఞాపరాధం వలన పుట్టిన వ్యాధికి దేవతలనూ పితృదేవతలనూ నిందించరాదని దాని భావం. దీన్ని రోగిపై అపరాధం మోపే వాక్యంగా చదవడం అన్యాయం. మాసాలు తిరిగేసరికి చేయి కుదుపెక్కిన వృద్ధురాలు ఏ అపరాధం చేసింది? గ్రహాలకు అంటగట్టి ఔషధాన్ని మరచిపోవద్దని వైద్యునికీ బంధువులకూ చేసిన హెచ్చరికగా తీసుకొంటేనే చరకుని తక్కిన బోధతో పొసగుతుంది.

కాకతీయ రుద్రదేవుడు 1163లో హనుమకొండలో నిర్మించిన వేయిస్తంభాల గుడిలో రుద్రేశ్వరునికి ఉమ్మెత్తపూలు సమర్పించే భక్తులు నేటికీ ఉన్నారు. శివప్రియమైన ఆ మొక్కలో అట్రోపిన్, హయోసయమిన్ అనే సారాలు ఉన్నాయి. పందొమ్మిదవ శతాబ్దిలో పారిస్‌లో షార్కో పార్కిన్సన్ రోగుల వణుకుకు ఇచ్చిన మందు హయోసయమినే. పైన చెప్పిన ఖురాసానివాములోనూ అదే ఉంది. ఉమ్మెత్త గింజలను ఎవరూ స్వయంగా నోట పెట్టరాదు, మతి చెదరి ప్రాణం పోయే విషమది. గుడికి కొద్దిదూరంలోనే ఉన్న మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలలో మోనోక్రోటోఫాస్ తాగిన రోగికి మొట్టమొదట ఎక్కించేది అదే కులానికి చెందిన అట్రోపిన్. అది నురుగునూ ఊపిరితిత్తుల తడినీ ఆర్పుతుంది, మందగించిన గుండెను లేపుతుంది. కండరాల అదురుపై మాత్రం దానికి అధికారం లేదు; అది తగ్గేవరకు కొన్ని దినాలు కృత్రిమశ్వాసయంత్రం రోగి తరఫున ఊపిరి తీస్తూ ఉంటుంది.